సొంత ఇంటికి కన్నం

ఈ నెల ఈ శీర్షికలో చలికాలపు దగ్గుల గురించి వ్రాయవలసి ఉంది. దగ్గులు ఎక్కడికీ పోవు, వచ్చే సంచికదాకా ఆగుతాయి. మన సభ్యుల్లో పిల్లుల్ని పెంచుకునే కుటుంబాలు ఎక్కువైనట్లున్నాయి. సంక్రాంతి సమావేశంలో మమ్మల్ని పక్కకు పిలిచి నలుగురు అడిగినది రక్తపోటు మాత్రల సంగతి కాదు, మా పెరటి తలుపుకు మేము పెట్టుకున్న పిల్లిగుమ్మం సంగతి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ వ్రాసివేయడం నయమనిపించింది.

ఇక్కడివారు దీన్ని క్యాట్ ఫ్లాప్ అంటారు. తలుపు అడుగుభాగాన ఒక కన్నం, దానికి పైనుంచి వేలాడే పలచని ప్లాస్టిక్ రెక్క. పిల్లి తలతో నెట్టి దూరుతుంది, రెక్క తనంతట తాను మూసుకుంటుంది. మనకు ఈ వస్తువు లేదు గనుక మాటా లేదు. మన ఊళ్ళో పిల్లి పెంకుల సందున దిగేది, కిటికీ ఊచల మధ్య దూరేది, దొడ్డి తలుపు ఎలాగూ పగలంతా తెరిచే ఉండేది. పిల్లి లోపలికి ఎలా వస్తుందా అని మన పెద్దలు ఎన్నడూ బెంగపడలేదు. వచ్చిన పిల్లికి పాలు అందకుండా ఉట్టి కట్టారు. ఇక్కడి ఇళ్ళు అలాంటివి కావు. రెండు పొరల అద్దాలు, రబ్బరు అంచుల తలుపులు, చీమకు కూడా సందు ఉండదు. కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ద్వారపాలకుడి ఉద్యోగం చేయాలి.

ఈ ఏర్పాటు ఇంగ్లీషువారికి కొత్తదేమీ కాదు. పద్నాలుగో శతాబ్దంలో చాసర్ వ్రాసిన మిల్లర్ కథలో, పిల్లి దూరడానికి తలుపు అడుగున ఉన్న కన్నంలోంచి ఒక నౌకరు గదిలోకి తొంగిచూస్తాడు. ఎక్సెటర్ పట్టణపు కేథడ్రల్‌లో పాత గడియారం కింది తలుపుకు గుండ్రని పిల్లికన్నం ఇప్పటికీ కనబడుతుంది. గడియారం యంత్రానికి పూసే కొవ్వు కోసం ఎలుకలు చేరేవట. 1305 నుంచి 1467 వరకు ఆ గుడి లెక్కల్లో పిల్లికి వారానికి ఒక పెన్నీ చొప్పున జీతం పడింది. పెద్ద పిల్లికి ఒకటి, పిల్లపిల్లికి ఒకటి అని న్యూటన్ రెండు కన్నాలు పెట్టించాడన్న కథ మాత్రం ఆధారం లేనిది. అంతటి మేధావిని చూసి నవ్వుకోవడానికి ఎవరో అల్లి ఉంటారు.

మాకు ఈ అవసరం పిల్లివల్ల రాలేదు, మా అమ్మవల్ల వచ్చింది. పిల్లి మా ఇంట్లో ఉండబట్టి రెండేళ్ళయింది. నల్లటిది, పేరు మిరియం, మా అమ్మాయి పెట్టుకున్న పేరు. మేమిద్దరం ఉద్యోగాలకు, పిల్ల బడికి పోతే పగలంతా అది ఇంట్లోనో బయటో ఒకచోట ఉండిపోయేది, సాయంత్రందాకా దానికి వేరే మార్గం లేదు. కిందటి అక్టోబరులో అమ్మ గుంటూరునుంచి ఆరు నెలలకు వచ్చింది. మనిషి ఇంట్లో ఉన్నదని మిరియానికి రెండో రోజుకే తెలిసిపోయింది. వంటింటి తలుపు దగ్గర కూర్చుని అరవడం, అమ్మ లేచి తీయడం, అది గడప మీద నిలబడి వాన చూసి వెనక్కి రావడం, పది నిమిషాలకు మళ్ళీ అరవడం. ఒక శనివారం మేము ఊరికే లెక్కపెట్టాము. భోజనాల వేళలోగా పదమూడు సార్లు.

అమ్మకు డెబ్బై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి, ఎముకల సాంద్రత తక్కువ. మా పెరటి తలుపు బయట ఒక మెట్టు, దాని మీద ఈ దేశపు పచ్చి పాచి. నవంబరు మొదటి వారంలో పిల్లి కోసం తలుపు తీసి, అది రావడంలేదని ఒక కాలు బయట పెట్టింది. జారింది. తలుపు పిడి చేతికి అందింది గనుక మణికట్టు బెణకడంతో పోయింది. బ్రిటన్‌లో ఏటా 70,000 మందికి పైగా పెద్దవారు తుంటి ఎముక విరిగి ఆసుపత్రుల్లో చేరుతున్నారు. మా వార్డులో మేము రోజూ చూసే మనుషుల్లో ఎక్కువమంది కొండలెక్కి పడినవారు కారు. తలుపు తీయబోయి, ఫోను అందుకోబోయి, చాప అంచు తగిలి పడినవారు. ఆ రాత్రే నిశ్చయించుకున్నాము.

అమ్మ ఒప్పుకోలేదు. "ఇంటికి కన్నం వేసేవాళ్ళు దొంగలురా. సొంత ఇంటికి సొంత చేతులతో కన్నం వేసుకుంటారట్రా ఎవరైనా? గుమ్మం లక్ష్మి కదా!" అంది. పసుపు రాసిన గడపల మధ్య పుట్టి పెరిగిన మనిషి అనే మాటే అది. మేము వాదించలేదు. వీధి గుమ్మం జోలికి పోము, పెరటి తలుపుకే అని చెప్పాము. "నేను ఉన్నంతకాలం తీస్తాను, నేను వెళ్ళాక మీ ఇష్టం" అంది. ఆమె ఉన్నంతకాలం తీయకుండా ఉండటానికే కదా మా తాపత్రయం. చివరికి మనవరాలు వెళ్ళి "నాయనమ్మా, నువ్వు గుంటూరు వెళ్ళిపోయాక మిరియం బయట వానలో కూర్చుంటుంది, తీసేవాళ్ళుండరు" అంటే అప్పుడు మెత్తబడింది.

ఇక తలుపుల సంగతి. రెక్కలో ఏది కొనాలన్నదానికంటే ముందు, ఎక్కడ పెట్టవచ్చు, ఎక్కడ పెట్టకూడదు అన్నది తేల్చుకోవాలి. దుకాణంలో ఈ మాట ఎవరూ అడగరు.

ఫ్లాట్లలో ఉన్నవారికి మొదటి మాట: మీ ఇంటి ప్రధాన ద్వారానికి ఎట్టి పరిస్థితుల్లోనూ కన్నం పెట్టకండి. కారిడార్‌లోకి తెరుచుకునే ఆ తలుపు మామూలు చెక్క కాదు, ఫైర్ డోర్. నిప్పును, పొగను అరగంటసేపు ఆపి ఉంచడానికి చేసినది. దానికి చెయ్యి పట్టేంత కన్నం పెడితే ఆ అరగంట పోతుంది, మీ ఒక్కరికే కాదు, మెట్లమీదుగా దిగవలసిన ప్రతివారికీ పోతుంది. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది మరణించిన తరవాత తలుపుల తనిఖీ గట్టిపడింది. 2022 నాటి నిబంధనల ప్రకారం ఇంగ్లండులో 11 మీటర్లకు మించిన ఎత్తుగల భవనాల్లో ఫ్లాట్ల తలుపుల్ని ఏడాదికొకసారి పరీక్షించే ప్రయత్నం చేయవలసిన బాధ్యత యాజమాన్యానిది. మన సభ్యుల్లో ఒక జంట నాలుగో అంతస్తులో ఉంటూ ఈ పనికి మనిషిని కూడా మాట్లాడుకున్నారు; సంక్రాంతినాడు మాట మీద మాట వచ్చి ఆగింది. వారి పిల్లి ఇంట్లోనే ఉంటుంది, బాగానే ఉంటుంది. సొంత ఇళ్ళవారు కూడా గమనించాలి: ఇంటినుంచి నేరుగా గరాజులోకి తెరుచుకునే తలుపు కూడా ఫైర్ డోరే. పిల్లికి దగ్గరి దారి అని దాన్ని కోసిపెట్టే మహానుభావులున్నారు.

అద్దె ఇళ్ళవారు యజమాని అనుమతిని వ్రాతమూలకంగా తీసుకోవాలి. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం, 2026 మే 1 నుంచి ఇంగ్లండులో పెంపుడు జంతువు కావాలని అడిగే హక్కు అద్దెదారుకు ఉంటుంది, తగిన కారణం లేకుండా యజమాని కాదనకూడదు. అయితే జంతువును ఉంచుకోవడం వేరు, తలుపు కోయడం వేరు. రెండోదానికి విడిగా అడగాలి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. శిక్షణలో ఉన్న మన డాక్టర్లను ఆరోగ్యశాఖ అంతకంటే ఎక్కువే తిప్పుతుంది, పిల్లాపాపలతో సహా. ఏడాదికో ఊరు మారేవారు కన్నం జోలికి పోకుండా ఇసుక తొట్టెతో గడుపుకోవడమే మంచిది. పోయేటప్పుడు కొత్త తలుపు ఖరీదు అడ్వాన్సులోంచి విరుచుకుంటారు.

మా ఇంటికి రెండు మార్గాలున్నాయి. ఒకటి తోటలోకి జరిగే పెద్ద అద్దపు తలుపు, రెండోది వంటింటి పెరటి తలుపు, కింద సగం తెల్లటి ప్లాస్టిక్ పలక. అమ్మాయికి అద్దపు తలుపు మీద మనసు. కాని ఆ అద్దం టఫెన్ చేసినది, రెండు పొరలు, మధ్య గాలి చొరకుండా బిగించినది. టఫెన్ చేసిన అద్దాన్ని కోయడం ఎవరివల్లా కాదు. కోత పడిన మరుక్షణం మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. కొలత ఇచ్చి, ముందే కన్నం పెట్టి ఆ తరవాత టఫెన్ చేసిన కొత్త అద్దం తెప్పించుకోవాలి. ఒక అద్దాలవారు వచ్చి చూసి 260 పౌండ్లు, మూడు వారాలు అన్నారు. ఇంకొకరు ఫోనులోనే "అదెంత పని, ఉన్న అద్దానికే కోసేస్తాం" అన్నారు. ఆ రెండోరకం వారిని గుమ్మం ఎక్కనివ్వకండి.

గోడకు పెట్టే పద్ధతి కూడా ఉంది. ఇక్కడి గోడలు చాలావరకు జంటగోడలు: బయట ఇటుక, లోపల దిమ్మె, మధ్య ఖాళీలో చలి ఆపే దూది లాంటి పదార్థం. ఒక అడుగు మందంలో సొరంగం తొలిచి దానికి నాలుగు వైపులా తొడుగు వేయకపోతే తేమ లోపలికి పాకుతుంది. మేస్త్రీ పని, మన పని కాదు. మాకు మిగిలింది వంటింటి తలుపు.

రెక్కల్లో రకాలు. అన్నిటికంటే చవకైనది ఉత్త రెక్క. ఒక చిన్న గొళ్ళెం తిప్పితే రాకపోకలు రెండూ, రావడం మాత్రమే, పోవడం మాత్రమే, అసలు బంద్ అని నాలుగు విధాల పనిచేస్తుంది. పాతిక పౌండ్లలోపు దొరుకుతుంది. వీధిలో వేరే పిల్లులు లేకపోతే ఇదే చాలు. కాని వేరే పిల్లులు లేని వీధి బ్రిటన్‌లో లేదు. అన్నం గిన్నె లోపల ఉన్న సంగతి తెలిస్తే పక్కింటి గండుపిల్లి రాత్రిపూట మీ వంటింట్లో విందు చేసి, పోతూ పోతూ మూల తడిపి పోతుంది. కొట్లాట అయితే కాట్లు పడతాయి, కాట్లు చీముపడతాయి. పిల్లుల్లో వ్యాధినిరోధకశక్తిని హరించే ఎఫ్.ఐ.వి. అనే వైరస్, 1986లో కాలిఫోర్నియాలో కనుగొన్నది, ముఖ్యంగా ఈ కాట్లవల్లే పాకుతుంది. మనుషులకు అంటదు, ఆ భయం వద్దు.

రెండోది మెడపట్టీకి అయస్కాంతం కట్టేది. మెడలో అయస్కాంతం ఉన్న ఏ పిల్లికైనా తలుపు తెరుచుకుంటుంది గనుక కాపలా అంతంతమాత్రం. పైగా ఆ పట్టీతో తోటలోని మేకులన్నీ ఇంటికి మోసుకొస్తుంది, ఫ్రిజ్‌కు అతుక్కున్న పిల్లుల కథలు కూడా విన్నాము.

మూడోది మైక్రోచిప్ చదివేది. మేము తీసుకున్నది ఇదే. 2024 జూన్ 10 నుంచి ఇంగ్లండులో ప్రతి పెంపుడు పిల్లికీ ఇరవై వారాల వయసు నిండేలోగా చిప్ పెట్టించడం తప్పనిసరి. పెట్టించకుండా పట్టుబడితే 21 రోజుల గడువిస్తారు, అప్పటికీ పెట్టించకపోతే 500 పౌండ్లదాకా జరిమానా. బియ్యపుగింజంత వస్తువు, సూదితో రెండు భుజాల మధ్య చర్మం కిందికి పంపుతారు. అందులో బ్యాటరీ లేదు, పిల్లి ఎక్కడుందో చెప్పే యంత్రం కాదు. చాలామంది అలా భ్రమపడుతున్నారు. చదివే పరికరం దగ్గరికి వచ్చినప్పుడు దాని తీగచుట్టలోంచి వచ్చే తరంగాలతోనే క్షణకాలం మేల్కొని తన పదిహేను అంకెల సంఖ్య చెప్పి మళ్ళీ నిద్రపోతుంది. రెక్క ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుని, మీ పిల్లి తల దూర్చినప్పుడు మాత్రమే గొళ్ళెం తీస్తుంది. మెడలో ఏమీ కట్టనక్కరలేదు. ఈ రకం రెక్కను కేంబ్రిడ్జిలో నిక్ హిల్ అనే భౌతికశాస్త్రవేత్త తన సొంత పిల్లి కోసం ఆలోచించి, ష్యూర్‌ఫ్లాప్ పేరుతో తయారుచేశాడు. ఇప్పుడు ఇంకా కొన్ని కంపెనీలు చేస్తున్నాయి.

కొనేటప్పుడు ఒక తేడా చూసుకోండి. మామూలు చిప్ రెక్క లోపలికి వచ్చేవారినే పరీక్షిస్తుంది. బయటికి ఏ పిల్లి అయినా పోవచ్చు. రెండు పిల్లులుండి, ఒకదాన్ని ఇంట్లోనే ఉంచాలంటే రెండు వైపులా చదివేది తీసుకోవాలి, ధర కొంచెం ఎక్కువ. తలుపు లోహంతో చేసినదైతే తరంగాలకు అడ్డు వచ్చి చదవడం మందగిస్తుంది, అడిగి కొనండి. మాది నాలుగు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది, ఏడాది వస్తాయంటున్నారు. ఇల్లు మారినప్పుడు చిప్ నమోదు చేసిన సంస్థవారికి కొత్త చిరునామా, ఫోను నెంబరు తెలపడం మరవకండి. సంఖ్య పిల్లిలో ఉంటుంది, మీ పేరు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం తప్పైతే చిప్ ఉండీ లేనట్టే.

బిగించే పని ఒక ఆదివారం ఉదయం మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికి ముగించాము. ముందు పిల్లి కొలత. తింటూ నిలబడ్డప్పుడు నేలనుంచి పొట్టదాకా ఎంతో చూడాలి; కన్నం అడుగు అంచు ఇంచుమించు అంత ఎత్తున ఉండాలి, అప్పుడు వంగకుండా, ఎగరకుండా అడుగువేసి దాటుతుంది. మిరియానికి 14 సెంటీమీటర్లు. బయటివైపు నేల లోపలికంటే పల్లం, కాబట్టి అటువైపు ఒక వెడల్పాటి రాయి వేశాము, పాచి పట్టని గరుకు రాయి. అది పిల్లికి మాత్రమే కాదని చెప్పనక్కరలేదు.

డబ్బాలో కొలతకు అచ్చు కాగితం ఇస్తారు. దాన్ని పలకకు అంటించి, మట్టసం చూసే గొట్టం పెట్టి సరిచూసి, పెన్సిలుతో గీశాము. గీత చుట్టూ కాగితపు టేపు వేస్తే రంపం పాదం పలకను గీరదు. నాలుగు మూలలా డ్రిల్లుతో రంపపు ఆకు పట్టేంత రంధ్రాలు వేసి, జిగ్‌సాతో ఒక మూలనుంచి ఇంకో మూలకు నెమ్మదిగా కోయాలి. ప్లాస్టిక్ పలకకు సన్నపళ్ళ ఆకు వాడాలి, వేగం తగ్గించాలి; తొందరపడితే వేడికి ప్లాస్టిక్ కరిగి వెనకే అతుక్కుపోతుంది. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కంట్లో పలుకు పడి ఆదివారం సాయంత్రం వచ్చేవారిని చూసీ చూసీ చెబుతున్నాము. పలక అంటే రెండు పలచని పొరలు, మధ్య నురుగు. ఆ నురుగు ముక్క ఊడి చేతికి వచ్చినప్పుడు, అవతల తోటా, గడ్డీ, బూడిదరంగు ఆకాశమూ ఒక చతురంలో కనబడ్డాయి. అమ్మ కుర్చీలోంచి "ఇంతేనా గోడ!" అంది. ఇంత దేశంలో, ఇంత చలిలో, మనల్ని కాచేది రెండంగుళాల నురుగా అని ఆమె ఆశ్చర్యం.

లోపలి చట్రం, బయటి చట్రం ఎదురెదురుగా పెట్టి మరలు బిగించాలి. పలుచటి పలక గనుక చేతి స్క్రూడ్రైవరుతోనే, నాలుగూ కొంచెం కొంచెంగా, మంచం పట్టె బిగించినట్టు. బలంగా తిప్పితే పలక లోపలికి వంగి రెక్క పట్టేస్తుంది. బయట పై అంచుకు, పక్కలకు సిలికోన్ జిగురు పూశాము, వాన నీరు నురుగులోకి పోకుండా. గాలి సంగతి అడిగారు కొందరు. రెక్క అంచుకు బ్రష్షు ఉన్నది తీసుకుంటే ఈదురుగాలి రోజున తప్ప తెలియదు. హీటింగ్ బిల్లులో మాకు కనబడేంత తేడా రాలేదు.

దొంగల మాట అమ్మ ఊరికే అనలేదు. తాళంచెవి లోపలివైపు తాళంలోనే వదిలేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కన్నంలోంచి చెయ్యో కర్రో పెట్టి తిప్పడం కష్టం కాదు, కారు తాళాలు లాగడమూ కష్టం కాదు. మా తాళంచెవి ఇప్పుడు తలుపుకు దూరంగా, బయటికి కనబడని మేకుకు వేలాడుతుంది. నిప్పు రేగితే చీకట్లో కూడా అందుకోవలసిన వస్తువు గనుక ఇంట్లో అందరికీ, ఎనిమిదేళ్ళ పిల్లతో సహా, చోటు తెలియాలి. ఇంటి బీమా కాగితాలు కూడా ఒకసారి తిరగేయండి.

పిల్లికి నేర్పడం బిగించడంకంటే పెద్ద పని. చెయ్యకూడనిది ఒక్కటే: పట్టుకుని కన్నంలోంచి తొయ్యకూడదు. ఒకసారి భయపడితే ఇక ఆ తలుపు జన్మలో వాడదు. మొదటి నాలుగు రోజులు రెక్కను టేపుతో పైకి కట్టి ఉంచాము, చలి భరించాము. అవతల గిన్నె పెట్టి పిలిచే ఉద్యోగం అమ్మ తానే తీసుకుంది. పాలు పోస్తానంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి, మంచినీళ్ళు చాలు. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడి తునకలు పెట్టింది. కూరలోవి తీసి పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తకణాలను దెబ్బతీస్తాయి. అయిదో రోజున రెక్కను సగం దించాము, తొమ్మిదో రోజున పూర్తిగా. గొళ్ళెం టిక్కుమన్నప్పుడల్లా ఉలిక్కిపడేది. పదకొండో రోజు సాయంత్రం ఎవరూ చూడనప్పుడు తనే వచ్చి మంచం కింద కనబడింది.

కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవారు కనీసం రెండు మూడు వారాలు ఇంట్లోనే ఉంచి, టీకాలు, చిప్, పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయ్యాకే కన్నం తెరవాలి. ఆ ఆపరేషన్ నాలుగు నెలల వయసులోనే చేస్తున్నారు. చీకటిపడ్డాక లోపలే ఉంచి గొళ్ళెం వేస్తే కార్ల కింద పడే ప్రమాదం తగ్గుతుంది.

పిల్లి రాకపోకలు పెరిగితే జబ్బులు వస్తాయా అని అడిగినవారికి వైద్యులుగా కొంత చెప్పాలి. మన ఊళ్ళో పిల్లి గీరితే రేబిస్ సూదులకు పరుగెత్తుతాము, పరుగెత్తాలి కూడా. సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లలకు ఈ సంగతి గట్టిగా చెప్పండి; ఇక్కడ వీధి పిల్లిని నిమిరే అలవాటుతో అక్కడా చెయ్యి చాస్తారు. బ్రిటన్‌లో పెంపుడు జంతువుల్లో రేబిస్ లేదు, గబ్బిలాల్లో మాత్రం దానికి దగ్గరి చుట్టమైన వైరస్ ఉంది. పిల్లి గబ్బిలాన్ని పట్టి తెస్తే చేత్తో తాకవద్దు. కరిచినా గీరినా వెంటనే కడిగి వైద్యుణ్ణి చూడండి. పిల్లి కాటు చూడటానికి సూదిబెజ్జమంతే ఉంటుంది, లోతుగా దిగుతుంది. చేతి మీద కాటు వాచి ఎర్రబడితే తెల్లవారేదాకా ఆగకండి.

గర్భిణులు భయపడే టాక్సోప్లాస్మా సంగతి: ఆ క్రిమి పిల్లి మలంలో పడ్డ వెంటనే అంటదు, ఒకటినుంచి అయిదు రోజులు పడుతుంది అంటుకునే దశకు రావడానికి. అందుకే తొట్టెను ప్రతిరోజూ శుభ్రం చేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది, ఆ పని భర్తగారు చేయాలి. కన్నం పెట్టాక పిల్లి తొట్టె మానేసి మీ కొత్తిమీర మడిని వాడుకుంటుంది. మట్టిపనికి తొడుగులు వేసుకోండి, కూర బాగా కడగండి. పిల్లిని ఇల్లు వెళ్ళగొట్టవలసిన పనిలేదు. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట మాత్రం పిల్లిని తెచ్చేముందే ఆలోచించాలి. పడనిది వెంట్రుక కాదు, పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీను. అది గోడలకు, సోఫాలకు పట్టి పిల్లి పోయాక కూడా నెలల తరబడి ఉంటుంది. పిల్లి పగలంతా తోటలో తిరిగినా ఆ ఇబ్బంది తీరదు.

డిసెంబరులో ఒకనాడు మేము ఇంటికి వచ్చేసరికి అమ్మ కుర్చీలో ఉంది, కాళ్ళ మీద శాలువా. రెక్క అవతల, పారదర్శకమైన ప్లాస్టిక్ మీద ముక్కు ఆనించి మిరియం అరుస్తున్నది. గొళ్ళెం పనిచేస్తూనే ఉంది, మేము చూశాము. మేము ఇంట్లో ఉంటే తనంతట తాను వస్తుంది. అమ్మ ఒక్కతే ఉంటే మాత్రం పిలుస్తుంది. "ఉందిగా నీ గుమ్మం, రావే" అంటున్నది అమ్మ, లేవకుండా. అది అరుస్తున్నది, ఈవిడ జవాబు చెబుతున్నది. ఇలా రోజూ పావుగంట గడుస్తుందట. "మొదట్లో బాగుండేదిరా, నన్ను తలుపు తీయమనేది. ఇప్పుడు ఊరికే పలకరించిపోతుంది" అంది. మేము ఏమీ అనలేదు. నవంబరు తరవాత ఆమె ఆ మెట్టు మీద కాలు పెట్టలేదు, మాకు అది చాలు. ఏప్రిల్లో తిరుగు ప్రయాణం.

అచ్చు కాగితం, సన్నపళ్ళ ఆకుతో సహా జిగ్‌సా, మట్టసం గొట్టం మా ఇంట్లో ఉన్నాయి. కావలసిన సభ్యులు ముందుగా ఫోను చేసి తీసుకుపోవచ్చు. కళ్ళద్దాలు ఎవరివి వారే తెచ్చుకోవలెను. జిగ్‌సా ఉగాదిలోగా తిరిగి ఇవ్వవలెను. సంఘం వేదికకు చెక్క కోయాలని కార్యదర్శిగారు ఇప్పటికే అడిగి ఉన్నారు.